అరచేయి ఆనిన చోటు

తడిపిన తునికాకును బీడీ కొలతకు కత్తిరిస్తూ వసంత మళ్లీ పిలిచింది. గడపవైపు ముఖం పెట్టి చాయ్ తాగుతున్న భర్త హన్మండ్లు తల తిప్పలేదు. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకంతా గడిపిన మనిషికి చెవులు పోవడం వింత కాదని అందరూ అంటారు. వసంత మాత్రం నమ్మలేదు.

ఆమె అనుమానానికి ఆధారం గూట్లోని గ్రామఫోను రికార్డు. భివండీలో పనిచేసిన రోజుల్లో, పాతసామాన్ల అంగడిలో వాయించే పెట్టెతో సహా కొన్నానని తెచ్చాడు. అట్ట మీద కోటు తొడుక్కున్న మనిషి గిటారు మీదికి వంగి ఉంటాడు. పందొమ్మిది వందల యాభైలలో, ఏదో దూరదేశపు స్టూడియోలో అతడు వాయించిన జాజ్ అది. మాటలుండవు, తీగలు, వాటి వెనక వాకిలి ఊడ్చినంత మెత్తగా డోలు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ఒకసారి, సాయంత్రం డ్యూటీకి పోయే ముందు ఒకసారి, హన్మండ్లు దాన్ని పెట్టుకొని, పెట్టె పక్కచెక్కకు అరచేయి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఒక వైపు అయిపోగానే రెండో వైపు తిప్పుతాడు. వినబడనివాడికి అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది? చెవుడు పెళ్లాం గొంతుకేనా?

పక్కింటి సమ్మయ్యతో ఈ మాటంటే నవ్వాడు. "నీ లొల్లి కన్న చెవుడే నయమనుకున్నడేమో, వదినె."

ఆ మాట ముల్లులా దిగబడింది. అందుకే ఈ ఉదయం, అతడు కళ్లు మూసుకోగానే, ఒళ్లోని చాట పక్కన పెట్టి, వెనకనుంచి శబ్దం మీటను చివరిదాకా తగ్గించింది. హన్మండ్లు వెంటనే కళ్లు తెరిచాడు.

"దారం తెగినట్టుంది," అన్నాడు, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో.

దొరికాడు. ఆమె మీటను మళ్లీ పెంచింది. "గిది ఇనవడుతది, నేను పిలిస్తే ఇనవడదా? ఇన్నేండ్లు గోడతోని మాట్లాడిన్నా?"

అతడు ఆమె పెదవులను అయోమయంగా చూసి, చెయ్యి తీసి, తువ్వాలలో ముఖం తుడుచుకున్నాడు. గిటారు గట్టిగా మోగుతోంది. వసంత మీటను తగ్గించింది, పెంచింది, మళ్లీ తగ్గించింది, పెంచింది. తువ్వాల కదలిక మారలేదు. అరచేయి తిరిగి చెక్కకు ఆనాకనే అతడు నవ్వాడు. "అతికింది."

ఆమె తన చేతిని అతని చేతి పక్కన పెట్టింది. చెక్క వణుకుతోంది. షెడ్డు రొదలో చెవులు దేనికీ పనికిరావు. సాంచ చట్రం మీద చెయ్యి పెట్టే లోపం పట్టుకుంటారు.

"సాంచ గిట్లనే చెప్తది," అన్నాడు హన్మండ్లు. "నీ మాటకే, చెయ్యి వెట్టే జాగ దొరకలె."

తలుపు తెరిచి ఉంది. దారిన మనుషులు పోతున్నారు. వసంత చెయ్యి వెనక్కు తీసుకుంది. సాయంత్రం, తలుపు వేశాక, ఆ అరచేతిని తన గొంతుకు ఆనించుకొని చూడాలనుకుంది. పగలంతా బీడీలు చుడుతున్నా అనుమానం పూర్తిగా పోలేదు. ఇదీ ఒక నటనేమో.

సాయంత్రం రికార్డు ఒక వైపు అయిపోయింది. ముల్లు చివరి గీతలో గీరుతోంది. అతడు లేవలేదు. తననే పరీక్షిస్తున్నాడనుకొని ఆమె బీడీల కట్టకు దారం చుడుతూనే ఉంది. ముల్లు గీరుతూనే ఉంది.

చివరకు లేచి తలుపు వేసింది. చెక్క మీంచి ఎత్తబోతే అతని చెయ్యి బరువుగా వచ్చింది. ఛాతీలో ఊపిరి లేదు. ఇంకా కొంచెం వెచ్చగా ఉన్న ఆ అరచేతిని గొంతుకు అదుముకొని, పెళ్లైననాటి నుంచి నోటితో పలకని పేరును పలికింది.

"హన్మండ్లూ."

దినాలయ్యాక చుట్టాలు ఎవరిళ్లకు వారు వెళ్లారు. పెట్టె గూట్లోనే ఉంది. దాని పక్కచెక్క మీద రంగంతా పోయి, నున్నబడి, ఒక చెయ్యి పట్టేంత చోటు.