వాయని చేయి

చెన్నమ్మ రెండు రోజులుగా ఎడమచేతిని ఎక్కడా రాసుకోకుండా, గోకకుండా కాపాడుకుంటోంది. మోచేతి కింద సూది పొడిచారు. అక్కడ వాస్తే మొగుడి టీబీ ఆమెకూ అంటినట్టు, వాయకపోతే లేనట్టు. ఆమెకు అర్థమైనంత వరకు సంగతి అది.

మొగుడు చిన్నకోటయ్య నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. పోయి ఆరు నెలలైంది. నకరికల్లులో ఉన్న కూతురు నాగమల్లేశ్వరికి ఆ తర్వాతే ఆడపిల్ల పుట్టింది. మనవరాలికి నాలుగో నెల వచ్చినా చెన్నమ్మ ఇంకా ఎత్తుకోలేదు. "పరీక్ష చేయించుకుని రామ్మా, పసిపిల్ల గదా" అంది కూతురు. అందులో తప్పేం లేదు. తప్పు లేని మాటకు ఎదురు చెప్పలేం, అదే బాధ.

మూడోనాడు చెయ్యి చూసుకుంటే నున్నగా ఉంది. చెన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, అటునుంచి అటే బస్సెక్కేద్దామని సంచి సర్దుకుని గురజాల ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టర్ నిర్మల ఆ చోటు నిమిరి చూసి, చెన్నమ్మను తూకం మిషనెక్కించింది. ముప్పై నాలుగు కిలోలు.

"ఏం తింటున్నావమ్మా?"

"పొద్దున ఇంత అన్నం వండుతా. మూడు పూటలా అదే. పచ్చడేసుకునో, మజ్జిగ పోసుకునో."

"పప్పు, కూర, గుడ్డు?"

"ఒక్క మనిషికి కూరేందమ్మా!" అని నవ్వేసింది చెన్నమ్మ. ఎదురుగా కూర్చుని తినే మనిషి లేకపోతే చారు కాచడానికి కూడా చేతులు రావని డాక్టరమ్మకు ఎట్లా చెప్పాలి?

"వాయలేదని సంబరపడకు. జబ్బు లోపలుంటే ఒళ్లు దాని మీదికి లేవాలి. అప్పుడే అక్కడ వాస్తుంది. తిండి లేని ఒంటికి అట్లా లేచే సత్తువ ఉండదు, జబ్బున్నా వాయదు. నీకుందో లేదో ఈ చేతిని బట్టి చెప్పలేం. కఫం పరీక్ష, ఎక్స్‌రే చూడాలి. అవి తేలేదాకా పసిపిల్ల దగ్గరికి వెళ్లకు."

తనకంటూ పలికే మనిషి ఇంట్లో లేడని చెన్నమ్మకు తెలుసు. తన ఒంటికి కూడా తన తరఫున లేచే ఓపిక లేదని ఇప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది.

బయటికి రాగానే కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, వాచిందా?"

నిజం చెప్తే కూతురు సగమే వింటుంది. వాయలేదన్న ముక్క చెవిన పడితే చాలు, బస్సెక్కెయ్యమంటుంది. తనూ ఎక్కేస్తుంది. తన సంగతి తనకు తెలుసు.

"వాచిందే. చానా వాచింది."



"అయితే రావొద్దులేమ్మా. తగ్గినాక చూద్దాం" అని కూతురు ఫోన్ పెట్టేసింది.

బతిమాలుతుందనుకుంది చెన్నమ్మ. దూరంగా కూర్చుని చూసి పోదువు రమ్మని ఒక్కసారైనా అంటుందనుకుంది. అంటే ఏం చెప్పి కాదనాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఆ అవసరమే రాలేదు.