టీ తాగిన మూడో మీట

నేను ఒక మిక్సర్‌ని. కొబ్బరి పచ్చడి రుబ్బేదాన్ని కాదు. పాటలు రికార్డు చేసేచోట ఎనిమిది మైకుల ధ్వనిని సరిచేసి, దేనికది విడిగా కంప్యూటరుకు అందించేదాన్ని.

విజయనగరంలో నా మొదటి యజమాని అమ్మిరాజు గారు చేతులు కడుక్కుని గానీ నన్ను ముట్టుకునేవారు కాదు. ఎవరొచ్చినా ముందు వాళ్లు గొంతెత్తి పాడే చరణమే పాడించేవారు. పచ్చ లైట్లు ఆడేంతవరకే ధ్వని పెంచే మీట తిప్పేవారు. "ఎర్ర లైటు వెలిగిందా, పాట మాడిన అన్నమే. ఏ నెయ్యి పోసినా ఆ వాసన పోదు" అనేవారు. బేసు, ట్రెబుల్ కూరలో ఉప్పులా వేసేవారు. చూపు మందగించాక స్టూడియో అమ్మేశారు.

కొన్నవాడు చక్రధర్. తలుచుకుంటేనే వెగటు. గుట్కా నలిపిన వేళ్లతో, బజ్జీల నూనెతో నన్ను తడిమేవాడు. భజనైనా జోలపాటైనా బేసు చివరికంటా తిప్పి "అదిరిపోవాలి!" అనేవాడు. ఒకనాడు నామీదే పెట్టుకున్న టీ గ్లాసు ఒలికింది. తుడవలేదు. ఆ పాకం గడ్డకట్టి, మూడో మైకు మీట కిందిస్థాయిలోనే బిగుసుకుపోయింది. లోపల చీమలు కాపురం పెట్టాయి. ఛీ, అదొక బతుకా!

ఒక శనివారం జముకుల కథ చెప్పే అసిరమ్మ, పక్కన జముకు వాద్యం వాయించే కూతురు గౌరి వచ్చారు.

"సోమారం గొంతుకి ఆపరేసనంట బాబూ. తరవాత మాటొత్తాదో, రాదో! ఒక్కపాలి పాడేత్తాను. మా పిల్లకి ఉంటాది" అంది అసిరమ్మ.

మైకు పరీక్షకి, గొంతు దాచుకుంటూ, "అలో" అని గుసగుసగా అంది. ఆ గుసగుసకే చక్రధర్ ఆమె మైకు మీట బాగా పెంచేశాడు. గౌరి జముకు ముందున్నది మూడో మైకు. దాని మీట తిప్పబోయాడు, కదల్లేదు. "చచ్చింది, ఉండనీ" అని, చెవులకు పెట్టుకోవలసిన హెడ్‌ఫోను మెడలో వేసుకుని ఫోనులో పడ్డాడు.

అసిరమ్మ గొంతు విప్పింది. గుసగుసలాడిన మనిషేనా! నా ఎర్ర లైటు వెలిగి, ఇక ఆరలేదు. నోరుంటే నేనే అరిచేదాన్ని. ముప్పావుగంట పాడి ఆమె కూలబడింది. "ఇంక నావల్ల కాదమ్మా."

రికార్డయిన పాట వినగానే గౌరి మొహం మాడిపోయింది. "ఇది మాయమ్మ గొంతు కాదు. రేకు గీకినట్టుంది."

"ట్రెబుల్ తగ్గిస్తే సర్దుకుంటదిలే."

తగ్గించాడు. రేకు కాస్తా మొద్దుబారిన రేకయింది.

"మరి నా ముందు పెట్టిన మైకులో ఏటి పడింది? అది ఇనిపించు."

"అందులో నీ వాయింపు తప్ప ఏముంటది?"

"ఇనిపించమన్నాను కదా!"

విసుక్కుంటూ పెట్టాడు. ముందు జముకు, దాని వెనక, కాస్త దూరాన, అసిరమ్మ. కిందిస్థాయిలో బిగుసుకున్న మీట కదా, ఒక్క అక్షరం చీలలేదు.

గౌరి తల్లి చెయ్యి పట్టుకుంది. "పెరట్లో పని చేసుకుంటా పాడినట్టే ఉందమ్మా."

అసిరమ్మ గొంతు దగ్గర చెయ్యి వేసుకుని వింటూ కూర్చుంది.

ఇప్పుడు నేను పాతసామాన్ల కొట్టులో, తుప్పు ఫ్యాన్ల కింద ఉన్నాను. మూడో మీట ఈనాటికీ తిరగదు. చక్రధర్‌ని నేను క్షమించలేదు. చీమల్ని క్షమించాను.