అంకెలున్న వైపు

ఇల్లు కొన్న సంగతి సరోజినికి పెరట్లో చేపలు తోముతుండగా తెలిసింది. తెలిసిందంటే, ఎవరో కూర్చోబెట్టి చెప్పారని కాదు. మొగుడు దేవసహాయం సైకిలు గోడకి ఆనించి, కాళ్ళమీద నీళ్ళు పొయ్యమని సైగ చేసి, "బందర్లో ఇల్లు కొన్నాను. ఎల్లుండి పడవల మీద వస్తుంది" అన్నాడు. పొలుసు అంటిన చేతుల్తోనే సరోజిని చెంబు అందుకుంది. ఇల్లు పడవ మీద రావడమేమిటని అడగబోయింది. "ముందు చేతులు కడుక్కో, కంపు" అన్నాడాయన. ఆ ముచ్చట అక్కడితో సరి.

వాళ్ళది అవనిగడ్డ దాటాక, నాగాయలంక దారిలో ఊరు. గట్టి గాలివాన వచ్చిందంటే మట్టిగోడలు కరిగి కాళ్ళ దగ్గరికొస్తాయి. దేవసహాయం మిషను స్కూలు హెడ్మాస్టరు, చర్చి సంఘంలో పెద్ద, అలాంటి మనిషి ఇంకా తాటాకింట్లో ఉండటం నామోషీ కదా! బందర్లో పూర్వం ఓడ సరుకుల వ్యాపారం చేసిన కుటుంబమొకటి తమ రంగూన్ టేకు ఇంటిని విప్పి అమ్మేస్తోందని విని, వెళ్ళి చూసి ఖాయం చేసుకొచ్చాడు. గోడలతో సహా అంతా కొయ్యే. చూడ్డానికి, దాన్ని విప్పబోయే వడ్రంగి రత్తయ్యని తీసుకెళ్ళాడు, తల్లి మార్తమ్మని తీసుకెళ్ళాడు. ఆ ఇల్లు ఊడ్చాల్సిన మనిషి, తుడవాల్సిన మనిషి, అందులో మూడు పూటలా పొయ్యి ఊదాల్సిన మనిషి మాత్రం ఇక్కడే ఉండి కోళ్ళకి గింజలు చల్లింది. అదేం కొత్త గనక! బందర్లో ట్రైనింగయి పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న సరోజిని చేత, "ఇంట్లో ఇద్దరు టీచర్లెందుకు?" అంటూ రాజీనామా రాయించిన రోజున కూడా కాగితం ఆయనే తెచ్చాడు, కలం ఆయనే ఇచ్చాడు.

అన్నట్టే ఇల్లు పడవల మీద వచ్చింది. స్తంభాలు, దూలాలు, పలకలు, తలుపులు రేవులో గుట్టలుగా దింపారు. ప్రతి చెక్క మీదా ఉలితో చెక్కిన ఒక అంకె. రత్తయ్యకి మజ్జిగ అందిస్తూ, అవేమిటని అడిగింది సరోజిని.

"ఇప్పేటప్పుడు ఏసుకుంటామమ్మా. మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఏది ఏ పక్కదో తెలవాలిగా. అంకె ఎప్పుడూ చెక్కకి లోపలి మొహానే ఏస్తాం. బయటికేస్తే ఎండకీ వానకీ చెరిగిపోద్ది. అంకె ఎటుంటే అటు లోపలన్నమాట. మా అయ్య చెప్పిన పద్ధతి. నా పనోళ్ళదీ అదే పద్ధతి."

రత్తయ్య ఒక పలకని వేళ్ళ కణుపులతో తట్టి చెవి ఆనించాడు. మంచి కొయ్య పలుకుతుందట, పుచ్చిన కొయ్య మూగగా ఉంటుందట. సరదా పుట్టి సరోజిని కూడా ఒక తలుపు చెక్కని తట్టింది, రెండుసార్లు. కొయ్య మూడుసార్లు పలికింది.

"లోపలెక్కడో గుల్లుందేమోలే," అన్నాడు రత్తయ్య. అన్నాడే గానీ ఆమె మొహం వంక చూడలేదు.

మూడు నెలలు పని సాగింది. ఆరుగురు పనివాళ్ళకి మధ్యాహ్నం భోజనం సరోజినే వండింది, అరుగుకి మట్టి ఆమే మోసింది, మోసిన నడుముతోనే ఇంటి చాకిరీ అంతా చేసింది. ఏడాది కిందట ఆమెకి బిడ్డ పురిట్లోనే పోయింది. పోయిన నెలకే "ఇంకా ఎన్నాళ్ళు మంచం పడతావ్?" అన్నారు, లేచింది. అప్పట్నించీ పొద్దు వాలే వేళ కాలవగట్టు మీద ఓ అరగంట కూర్చుంటుంది. చావడానికి కాదమ్మా, కూర్చోవడానికి! ఆ అరగంటలో ఎవరూ మంచినీళ్ళు అడగరు, కూరలో ఉప్పెక్కువైందనరు. పోయిన బిడ్డని తల్చుకుంటే "మళ్ళీ మొదలెట్టావా?" అనే గొంతు అక్కడ ఉండదు. బిడ్డతో ఒక్కోసారి పైకే మాట్లాడేది. అంతే, ఊరంతా గుప్పుమంది. హెడ్మాస్టరు పెళ్ళానికి మతి చలించిందనుకుంటున్నారని దేవసహాయం పళ్ళు నూరాడు. "దానికేదో గాలి సోకింది నాయనా, ఏదో ఒకరోజు ఆ కాలవలో దూకి మన పరువు తీస్తది," అంది మార్తమ్మ.

ఓ మధ్యాహ్నం పనివాళ్ళకి అన్నం తట్ట నెత్తిన పెట్టుకొస్తుంటే, సగం లేచిన గోడ అవతల మాటలు వినబడ్డాయి.

"బందర్లో చూశావుగా అమ్మా, ఆ వెనకగది. తలుపుకి గొళ్ళెం బయటుంది. ఇంటి ప్రార్థన కానియ్యి. ఆ తర్వాత దాన్ని కొన్నాళ్ళు అందులో ఉంచుదాం. తిండి లోపలికే ఇద్దాం. మనసు కుదుటపడుద్ది."

"ఆ గది చూసేగా నేను ఈ ఇంటికి ఊఁ అన్నాను."

సరోజిని తట్ట దించలేదు. అలాగే వెళ్ళి ఆరుగురికీ వడ్డించింది, పులుసు పోసింది, ఎవరికి మారు కావాలో అడిగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. గది కోసం ఇల్లు కొన్నారు. నా కోసం గది కొన్నారు. ఈ అరుగుకి నేనే మట్టి మోశాను. పుట్టింటికి పోదామంటే గుడివాడలో తమ్ముడు విల్సన్ ఉన్నాడు, ఉండి ఏం లాభం, బావగారి మాట వాడికి వేదవాక్యం. ఎవరికి చెప్పినా "నీ మంచికేగా" అంటారు. ఆ సాయంత్రం కాలవగట్టుకి వెళ్ళలేదు. వెళ్తే ఇంకా తొందరపడతారని భయం.

అంతలో రత్తయ్యకి జ్వరం తగిలి నాలుగు రోజులు మంచాన పడ్డాడు. ఆ నాలుగు రోజుల్లో అతని మేనల్లుడు బంగార్రాజు పనివాళ్ళతో వెనకగది నిలబెట్టేశాడు. జ్వరం తగ్గి వచ్చిన రత్తయ్య హాల్లో నిలబడి, ఆ గది తలుపు చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

తలుపు మీద, పక్క పలకల మీద గీతలు. నాలుగేసి గీతలు పక్కపక్కన, గుండెలంత ఎత్తు నుంచి కిందికి, లోతుగా. గొళ్ళెం హాలు వైపు లేదు. గది లోపల వేలాడుతోంది.

"గది తిరగబడిందమ్మా," అన్నాడు రత్తయ్య సరోజినితో, గొంతు తగ్గించి. "బందర్లో ఈ ఒక్క గదిలోకి మమ్మల్నెవర్నీ ఎళ్ళనియ్యలేదు. బయట్నించే అంకెలేసుకోమన్నాడు ఆ ఇంటి పెద్దాయన. సరేనని హాలు వైపునే ఏశాను. ఏరే గుర్తు పెట్టాల్సింది, మర్చిపోయాను. బంగార్రాజుకేం తెలుసు? అంకెలున్న వైపు లోపలనుకుని నిలబెట్టేశాడు. లోపలి మొహం హాల్లోకొచ్చేసింది."

"లోపల ఎవరుండేవాళ్ళు?"

"ఎవరూ లేరన్నారు. వాళ్ళ కోడలుండేదంట, పోయి చాన్నాళ్ళయిందంట." ఎవరన్నా వింటున్నారేమోనని వెనక్కి చూశాడు. "కానీ అమ్మా, నేను ఉలి ఆపినప్పుడల్లా అవతల గీసిన చప్పుడు. నేను మొదలెడితే ఆగేది. నేనాగితే మొదలయ్యేది. ఎలకలనుకున్నా. ఎలకలకి అంత తెలుసా? ఆఖర్రోజున తలుపు తీస్తే గది ఖాళీ. కింద మాత్రం కొయ్య పొట్టు. కొత్త పొట్టమ్మా, పచ్చి వాసనేస్తంది."

సరోజిని ముందుకెళ్ళి, నాలుగు వేళ్ళూ నాలుగు గీతల్లో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి, కొలిచి చేసినట్టు. భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఎవరో చాలాకాలం నుంచి చెప్పాలనుకుంటున్న మాట తనకి చెప్పేసినట్టనిపించింది, కళ్ళ నీళ్ళు తిరిగాయి.

దేవసహాయం వచ్చి చూసి మండిపడ్డాడు. మర్నాడు జ్ఞానయ్య పాస్టరుగారొచ్చి ఇల్లు ప్రతిష్ఠ చెయ్యాలి, ఊరి సంఘమంతా వస్తుంది, హాలు మధ్యన ఈ గీతలేమిటి? చిత్రిక పట్టమన్నాడు. రత్తయ్య పట్టాడు. పొట్టు రాలింది, చెక్క పల్చబడింది, గీతలు మాత్రం అంతే లోతున ఉన్నాయి. ఇంకోసారి పట్టాడు. అంతే. రత్తయ్య చిత్రిక కింద పెట్టేసి దణ్ణం పెట్టాడు.

"సరే, రేపటికి దుప్పటి కట్టండి. సోమవారం ఈ గది విప్పి సరిగ్గా తిప్పు. గొళ్ళెం బయటికి రావాలి," అన్నాడు దేవసహాయం.

ఆదివారం మధ్యాహ్నానికి హాలంతా మనుషులు. జ్ఞానయ్యగారికి ఒక అలవాటుంది. గదిగదికీ వెళ్ళి, ఇది ఎవరిదని అడిగి, ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. ముందుగది దేవసహాయానిది. పక్కగది మార్తమ్మది. వంటగది దగ్గర ఆయన అడక్కుండానే సరోజిని పేరు చెప్పి ప్రార్థించారు, అందరూ ఆమెన్ అన్నారు. ఆఖర్న దుప్పటి కట్టిన తలుపు ముందు ఆగారు.

"ఇది ఎవరి గది, దేవసహాయంగారూ?"

"సామాన్ల గదండీ."

"నాదండీ," అంది సరోజిని.

నలుగురూ తిరిగి చూశారు. ఆమె చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని తీసుకెళ్ళి మార్తమ్మ చేతుల్లో పెట్టింది. ముసలావిడ కంగారులో పట్టుకుంది కూడా. సరోజిని దుప్పటి లాగి కింద పడేసింది. గీతలు చూసి ఎవరో "ప్రభువా!" అన్నారు. ఆమె లోపలికెళ్ళి, తలుపు మూసి, గొళ్ళెం తగిలించుకుంది.

గదిలో చిన్న కిటికీ. అందులోంచి కాలవగట్టు కనిపిస్తోంది. గోడలనిండా రత్తయ్య చెక్కిన అంకెలు. సరోజిని నేలమీద కూర్చుని తలుపుకి వీపు ఆనించింది.

"సరోజినీ, పాస్టరుగారున్నారు. తలుపు తియ్యి," అన్నాడు దేవసహాయం నలుగురిలో వాడే గొంతుతో. తర్వాత చెక్కకి నోరానించి, ఇంట్లో వాడే గొంతుతో, "తీస్తావా, లేదా?"

"ప్రార్థన కానివ్వండి, నా పేరు మీద," అంది సరోజిని. "నాకు రావాలనిపించినప్పుడు వస్తాను. ఈ తలుపుకి బయట గొళ్ళెం పెట్టించారంటే, ఈ ఇల్లు దేనికి కొన్నారో సంఘంలో నిలబడి చెప్తాను."

బయట జ్ఞానయ్యగారు దగ్గి, సరోజిని పేరెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె తల వంచింది. చివర్న నెమ్మదిగా "ఆమెన్" అంది. పక్కనుంచి, భుజం దగ్గరనుంచి, ఇంకో ఆడగొంతు కూడా అంది. సరోజిని అటు తిరిగి చూడలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది.

జనం వెళ్ళిపోయారు. ఇల్లు సద్దుమణిగింది. అప్పుడు మొదలయింది చప్పుడు, గోళ్ళతో కొయ్య మీద గీసినట్టు, ఆగి, మళ్ళీ. ఆ కోడలేనేమో అనుకుని సరోజిని గది నాలుగు మూలలా చూసింది. కాదు. చప్పుడు తలుపు అవతల. "సరోజినీ... సరోజినీ..." ఇప్పుడు గీతలున్న వైపు నిలబడ్డది దేవసహాయం.