న్యాముంతలి రెండు సాక్ష్యాలు

యోతాము కుంవెండ చర్చి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెంబుతో పెళ్లాం చేతుల మీద నీళ్లు పోసిన రోజున కపంద ఊరి మగవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. ఆ కొండల్లో మోకాళ్లూనేది ఆడది. మొగుడి ముందు సంకటి పెట్టేటప్పుడూ, చేతులకి నీళ్లు పోసేటప్పుడూ, మామగారితో మాట్లాడేటప్పుడూ ఆడదే నేల మీదకి వంగుతుంది. అలాంటిది ఆరడుగుల మనిషి, అందునా యోతాము, ఉతికిన చొక్కా తొడుక్కుని దుమ్ములో మోకాళ్లు ఆనించాడు.

"ఏం యోతామూ, చేతులతో ఆపుతావా, కాళ్లు కూడా కడుగుతావా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడోయ్! నువ్వు బైబిలు తెరిస్తే కదా తెలిసేది," అన్నాడు యోతాము. జనం గొల్లుమన్నారు. పక్కనున్న మిషన్ తెల్లదొరలకి ఆ మాట పాస్టర్ చవూలా ఇంగ్లీషులో చెబితే వాళ్లు కూడా నవ్వారు. మాటకారితనంలో యోతాముకి సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

నీళ్లు పోయించుకుంటున్న ఆవిడ న్యాముంతలి. ముంతలి వాళ్ల ఇంటి ఆడపడుచు కాబట్టి ఆ పేరు. మహిళా సమాజం వాళ్లు ఇచ్చిన తెల్ల జాకెట్టు కింద ఆవిడ ఎడమ భుజం చింతపండులా నల్లబడి ఉంది. మంగళవారం నాడు కూరలో ఉప్పు తక్కువైందని ఆ భుజం మీద రోకలి పడింది. చేతులు చాపి నిలబడడానికే ప్రాణం పోతోంది. అయినా చాపింది.

ఎందుకు చాపిందంటే, మిషన్ వాళ్లు "ఒకే బల్ల" అని ఒక ఏర్పాటు చేశారు. మొగుడూ పెళ్లామూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. ఇంటి పని పంచుకోవాలి. చెయ్యి చేసుకోకూడదు. ఆడపిల్లని బడి మాన్పించి పెళ్లి చెయ్యకూడదు. ఏడాదిపాటు అలా గడిపిన ఇంటి నుంచి ఒక ఆడపిల్లకి మిషన్ హాస్టల్లో ఖర్చు లేకుండా చోటు. మొగుడు చెబితే నమ్మరు, పెళ్లామే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! తన్నులు తినేవాళ్లు అబద్ధం ఎందుకు చెబుతారని ఆ మంచివాళ్ల ఆలోచన. తన్నులు తినేవాళ్లే అందరికంటే బాగా చెబుతారని వాళ్లకి ఎవరు చెప్పాలి?

సమాజం పెద్ద న్యాలుహంగా ముందురోజే వచ్చి పక్కన కూర్చుంది. "చెల్లీ, నీ భుజం సంగతి నాకు తెలీదా? నా వీపు సంగతి నీకు తెలీదా? ఒక్క మాట అనేసెయ్. పిల్ల గట్టెక్కుతుంది. పైనున్నాయన అర్థం చేసుకుంటాడు."

న్యాముంతలి ఆ ఒక్క మాటా అంది. దేవుడి దయవల్ల నా భర్త మారాడు, నా మీద చెయ్యెత్తడు, ఒకే బల్ల దగ్గర తింటున్నాం అంది. ముందు వరసలో చాప మీద పెద్దకూతురు లుసుంగు కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. తల్లి వైపు ఒక్కసారి చూసి తల దించేసుకుంది. ఆ నెలలోనే హాస్టల్లో చేరింది.

లుసుంగు చదువుకి న్యాముంతలి మురిసిపోయేది. సెలవులకి వచ్చినప్పుడు పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని ఇంగ్లీషులో ఏదో గడగడా చదువుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పిండి కలపడం ఆపేసి వినేది. చిన్నది తమండ అక్క నోటినే చూస్తూ ఉండేది. ఇంకో ఏడాదిలో దానికీ హాస్టల్ ఈడు వస్తుంది.

యోతాము దశ కూడా తిరిగింది. అంత బాగా మోకాళ్లూనినవాణ్ణి మిషన్ వదులుకుంటుందా? మగవాళ్లకి పాఠాలు చెప్పమని మోటారు సైకిలిచ్చి ఊరూరా తిప్పింది. భార్యని ఎలా గౌరవించాలో చెప్పి, కోడికూర తిని, చీకటి పడకముందే ఇల్లు చేరేవాడు. మిషన్ ఇచ్చిన బల్ల ముందు కుర్చీ వేసుకుని ఒక్కడే తినేవాడు. న్యాముంతలి ఎప్పటిలాగే మోకాళ్ల మీద నీళ్లందించేది. ఇదివరకు నేలమీద కూర్చున్నవాడికి అందించేది, ఇప్పుడు చెయ్యి కాస్త పైకెత్తి అందించాలి. అంతే తేడా. ఇంకో తేడా కూడా ఉంది. ఇప్పుడు ముఖం మీద కొట్టడం మానేశాడు, నలుగురిలో తిరిగే మనిషి కదా.

లుసుంగుకి పదిహేడో ఏడు నడుస్తుండగా, పొగాకు అమ్మకాలు ముగిసే రోజుల్లో, వెడ్సన్ అనే వ్యాపారి వీళ్లింటికి రాకపోకలు మొదలుపెట్టాడు. యోతాముకంటే పెద్దవాడు. ఇంట్లో ఒక పెళ్లాం ఉంది. పిల్ల సెలవులకి వచ్చిన వారానికే అతని ఆవులు యోతాము దొడ్లో నిలబడ్డాయి.

"ఆ ఆవులేంటి, లుసుంగు నాన్నా?" అని అడిగింది న్యాముంతలి.

"కళ్లు కనిపించడంలేదా? కన్యాశుల్కం."

"పిల్లకి చదువింకా ఉంది."

"చదివింది కాబట్టే అన్ని ఆవులిచ్చాడే పిచ్చిదానా! చదువులేని పిల్లకి ఇందులో సగం వచ్చేవా? నీ సాక్ష్యం పుణ్యమే ఇదంతా." అని కడుపుబ్బ నవ్వాడు.

ఆవిడ ఒళ్లు మండిపోయింది. మర్నాడే పాస్టర్ ఇంటికి నడిచింది. చవూలా చెడ్డవాడు కాదు. గొడవలంటే భయం ఉన్నవాడు. చెడ్డవాళ్లకంటే అలాంటివాళ్లతోనే కష్టం.

"యోతామా? కూతురికి బలవంతపు పెళ్లా? ఏంటమ్మా ఈ మాటలు!"

"దొడ్లో ఆవులున్నాయి అయ్యగారూ. మీరే వచ్చి చూడండి."

"మాట్లాడుకుని ఉంటారు. పెళ్లి ఇప్పుడే కాదేమో. చూడమ్మా, నీ భర్త మారాడని నువ్వే కదా సాక్ష్యం చెప్పావు. ఆ సాక్ష్యం నేనెన్ని సంఘాల్లో చెప్పానో!"

"అది అబద్ధం, అయ్యగారూ."

పాస్టర్ ముఖం మాడిపోయింది. "దేవుడి మందిరంలో నిలబడి అబద్ధమాడావా? అప్పుడాడావో ఇప్పుడాడుతున్నావో నాకెలా తెలుస్తుంది? ఏ న్యాముంతలిని నమ్మమంటావు?" అని గొంతు తగ్గించాడు. "ఆదివారం దొరలొస్తున్నారు. హాస్టల్ ఉంచాలా మూసెయ్యాలా అన్నది ఈసారే తేలుస్తారు. ఎంతమంది పిల్లల బతుకో ఆలోచించు. వాళ్లు వెళ్లాక నేనే యోతాముతో మాట్లాడతాను."

వాళ్లు వెళ్లాక ఆయన మాట్లాడడని ఆవిడకి తెలుసు. దారంతా ఆలోచించుకుంది. ఆదివారం తనని మళ్లీ సాక్ష్యం చెప్పమంటారు. దొరల ఎదుట నిజం చెప్పేస్తే? పెళ్లిళ్లు ఆపాలనే కదా వాళ్లు అంత దూరం నుంచి వస్తున్నారు. చెవిన పడితే పిల్లని కారెక్కించుకుని పోతారు. తర్వాత తన భుజం ఏమైతే అదవుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ముందు కుర్చీల్లో దొరలు, వాళ్ల మధ్య తెల్లజుట్టు దొరసాని. యోతాము కొత్త కోటు వేసుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాడు. పాస్టర్ లేచి, ఇవాళ ఒక విశేషం ఉందన్నాడు. న్యాముంతలి సాక్ష్యాన్ని దొరలకి ఇంగ్లీషులో చెప్పేది తను కాదు, మన హాస్టల్లో చదువుకున్న కూతురే అన్నాడు. నీలం గౌనులో లుసుంగు వచ్చి తల్లి పక్కన నిలబడింది.

న్యాముంతలికి ప్రాణం లేచొచ్చింది. పాస్టర్ అయితే మాట తిప్పేస్తాడేమోనని రాత్రంతా కుమిలింది. నా బిడ్డ నోరే నాకు దొరికింది, ఇంకేం కావాలి అనుకుంది.

"అయ్యా, అమ్మా," అని మొదలుపెట్టింది. "ఆ రోజు ఇక్కడే నిలబడి నా భర్త మారాడని చెప్పాను. అది అబద్ధం."

యోతాము ముఖంలో నెత్తురు చుక్క లేదు. లుసుంగు తల్లి ముఖంలోకి చూసింది, ఆడపిల్లల చాప మీదున్న తమండ వైపు చూసింది, తర్వాత మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని తలూపింది.

అది చూసి న్యాముంతలికి ధైర్యం వచ్చింది. "మీరిచ్చిన బల్ల దగ్గర ఆయనొక్కడే తింటాడు. నన్ను కొడతాడు. ఇప్పటికీ కొడతాడు."

లుసుంగు చెప్పింది. దొరసాని మళ్లీ తలూపింది.

"నా కూతుర్ని, ఇదిగో ఈ పిల్లనే, పెళ్లామున్న ముసలాడికి ఇచ్చేస్తున్నాడు. ఆవులు మా దొడ్లో ఉన్నాయి. ఇప్పుడే వచ్చి చూడండి. నాకేమీ వద్దు. నా బిడ్డని ఈ ఊరు దాటించండి, మీ కాళ్లకి మొక్కుతాను!"

లుసుంగు ఈసారి తడుముకోకుండా చెప్పింది. దొరసాని నవ్వింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. పక్కనున్న దొర చప్పట్లు మొదలుపెట్టాడు.

ఆవుల సంగతికి వీళ్లెందుకు నవ్వుతున్నారో న్యాముంతలికి అర్థం కాలేదు. కూతురి వైపు తిరిగింది. పిల్ల నేల చూపులు చూస్తోంది. అప్పటికే న్యాలుహంగా పాట ఎత్తుకుంది. ఆడవాళ్లంతా లేచి అడుగులేస్తూ ముందుకొచ్చారు. ప్రతి ముక్కా విన్నవాళ్లే, ప్రతి ముక్కా తెలిసినవాళ్లే, గొంతులు చించుకుని పాడారు. దొరసాని వచ్చి ఆవిణ్ణి కౌగలించుకుంది. సరిగ్గా దెబ్బలు తినే ఆ ఎడమ భుజమే నొక్కింది. పాస్టర్ చెమట తుడుచుకుని, హాస్టల్ ఉంటుందనీ, కుంవెండ గారి రెండో అమ్మాయికి కూడా చోటిస్తున్నారనీ ప్రకటించాడు.

చర్చి వెనక వంటపాక దగ్గర కూతురి రెక్క పట్టుకుంది న్యాముంతలి. "ఏం చెప్పావే వాళ్లకి?"

"మంచి మాటలే చెప్పాను."

"ఏం చెప్పావ్?"

"నువ్వు సంతోషంగా ఉన్నావన్నాను. నాన్న మారాడన్నాను. నాకిచ్చినట్టే చెల్లికీ చదువివ్వమని మొక్కుతున్నావన్నాను." లుసుంగు గొంతులో తడి లేదు. "పొద్దున పాస్టర్ గారు నన్ను పిలిచారమ్మా. దొరలకి ఏమాత్రం అనుమానమొచ్చినా హాస్టల్ మూతేనన్నారు. వీళ్లు సాయంత్రం కారెక్కి వెళ్లిపోతారు. రేపు నాన్న నిన్ను ఏం చేసేవాడు? చెల్లిని ఏం చేసేవాడు?"

"నిన్నమ్మేశాడే! నీ కోసం కాదుటే నేను చెప్పింది?"

"నా ఆవులు వచ్చేశాయమ్మా. చెల్లివి ఇంకా రాలేదు."

న్యాముంతలి చెయ్యి లేచింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల మీద లేవని చెయ్యి. లుసుంగు వెనక్కి జరగలేదు. కళ్లు మూసుకుని, దవడ బిగించి, మెడ కాస్త పక్కకి వంచి నిలబడింది. దెబ్బ చెవి మీద పడకుండా అలా వంచాలి. న్యాముంతలి యోతాము ముందు నిలబడేది అచ్చం అలాగే. ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది.

లేచిన చెయ్యి కిందికి దిగింది. కూతుర్ని గుండెకి హత్తుకుని ఆవిడ పెద్దపెట్టున ఏడ్చింది. ఇన్నేళ్ల తన్నులకీ ఏడవనంత గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు చర్చి లోపలిదాకా వినిపించింది.

దొరసాని కంగారుగా వంటపాక దగ్గరికి వచ్చింది. వెనకే పాస్టర్, ఆయన వెనక యోతాము. తల్లీకూతుళ్లని చూపిస్తూ ఆవిడ ఏదో అడిగింది. పాస్టర్ ఒక్క క్షణం తటపటాయించి, చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. దొరసాని ముఖం విచ్చుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, తన కళ్లు కూడా తుడుచుకుంది.

అది సంతోషంతో ఏడుపని చెప్పి ఉంటాడు. ఆ మాత్రం తెలియడానికి న్యాముంతలికి ఇంగ్లీషు రానక్కర్లేదు.