సంతాపం అందుకునే వరుస

నల్ల టై ఇస్త్రీ చేస్తున్నాను. "వాసో, నాలుగు ముక్కలు మీ భాషలో రాసిపెట్టు. అక్షరాలు మాత్రం మన గ్రీకువే, చూసి చదివేస్తా. అల్బేనియా కాన్సుల్ కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి," అన్నాడు నా భర్త స్టెర్గియోస్. ఆయన ఈ సరిహద్దు పట్నానికి ఉపమేయరు. కొండకవతల, అల్బేనియాలో మొన్న భూకంపం వచ్చింది. ఈ సాయంత్రం మునిసిపల్ హాల్లో సంతాపసభ. గుమ్మంలో సాయం లారీ, దాని ముందు కెమెరాలు.

పొద్దున్నే కొండకవతల మా ఊరినుంచి తమ్ముడు లువాన్ ఫోన్ చేశాడు. "అక్కా, శిథిలాల్లోంచి అమ్మను బయటికి తీశాం," అన్నాడు. రేపు పూడుస్తామన్నాడు.

స్టెర్గియోస్‌కి చెప్పాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. అది నటన కాదు. కాసేపటికి అదే చెయ్యి తిప్పి గడియారం చూసుకున్నాడు. "ఆదివారం ఓట్లున్నాయి. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కనీ. ఏడవకు, కళ్ళు వాస్తే ఎందుకని అడుగుతారు. సోమవారం మీ ఊళ్ళో నేనే దిగబెడతా." రేపే పూడ్చేస్తారు. సోమవారం నన్నెవరి దగ్గర దిగబెడతాడు?

ఈ ఇంట్లో నాకు అమ్మ ఎప్పుడూ లేదు. పెళ్ళికి ముందే బాప్తిస్మం ఇప్పించి వల్బోనాగా పుట్టిన నన్ను వాసిలికీని, వాసోని చేశారు. "సరిహద్దు అవతలి ఊళ్ళ గ్రీకుపిల్లే, అనాథ పాపం," అని అత్తగారు చుట్టాలకు చెప్పుకుంది. బతికున్న మనిషిని మాటతో చంపేసింది. వీళ్ళ ఇల్లు తుడిచాను, వీళ్ళ ముసలాళ్ళను ఎత్తి స్నానాలు చేయించాను, అల్బేనియా తోటకూలీల ఓట్ల కోసం ఈయన ఆడిన ప్రతి అబద్ధాన్నీ మా భాషలోకి మార్చాను. జీతమా? ఇంటిమనిషికి జీతమేమిటి అంటారు. ఇంటిమనిషి తల్లి పోతే మాత్రం సోమవారం దాకా ఆగాలి.

మధ్యాహ్నం అత్తగారు సాయం పెట్టెలు సర్దించింది. చిరిగిన నైటీలు, ఎత్తు మడమల చెప్పులు, ఎవరిదో పెళ్ళిగౌను.

"శిథిలాల్లో ఎవరికత్తయ్యా పెళ్ళి?"

"వాళ్ళ మొహాలకి ఇదే ఎక్కువ. నీకెందుకంత పొడుచుకొస్తోంది, మీ అమ్మేదో పోయినట్టు?"

కొడుకు ఆమెకింకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెట్టెకి టేపు అంటించాను.

హాల్లో కాఫీలు పంచడం నా పని. అల్బేనియాలో చావింటివాళ్ళు గోడవారన వరుసగా నిలబడతారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి సంతాపం చెప్పి కదలాలి. ఇక్కడా అలాగే నిలబడ్డారు. ముందు కాన్సుల్, ఆ పక్కన మా పట్నంలో ఇళ్ళు ఊడ్చే ఆడవాళ్ళు. ఎదురుగా సూట్లలో మేయరు, గ్రీకు పెద్దలు. మధ్యలో పళ్ళెంతో నేను.

వరుసలో ఒక పెద్దావిడ కప్పు అందుకోబోతూ నా మొహం చూసి ఆగింది. మా భాషలో మెల్లగా అడిగింది. "నీకెవరు పోయారు తల్లీ?"

అవతలినుంచి స్టెర్గియోస్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"అమ్మ," అన్నాను.

ఆమె పక్కకు జరిగి వరుసలో చోటిచ్చింది. పళ్ళెం తీసుకెళ్ళి మేయరు చేతుల్లో పెట్టాను. ఏంచెయ్యాలో తెలియక ఆయన దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. నేను వెళ్ళి గోడకు వీపు ఆనించాను.

చేతులు కలపడం మొదలైంది. కాన్సుల్‌తో ముగించి, ఆడవాళ్ళందరినీ దాటి స్టెర్గియోస్ నా ముందుకొచ్చాడు. పళ్ళు బిగించి నవ్వుతూ, "ఇదేం పని? కెమెరాలున్నాయి, ఇటు రా," అన్నాడు.

నేను చెయ్యి చాపాను.

"పోయింది నీ అత్తగారు, స్టెర్గియోస్. సంతాపం చెప్పి ముందుకు నడువు. వెనక జనం ఆగిపోయారు."