కారు లేని ముసలివాళ్ళ వరుస

మిస్ ఓడెస్సాను కార్ల వరుసలోంచి బయటికి పంపేయడం నేను కళ్ళారా చూశాను. కరోనా టీకా వచ్చిన తొలి చలికాలం అది. అమెరికాలో, మిసిసిపీ డెల్టాలోని మా ఊళ్ళో, రహదారికి అవతల తెల్లవాళ్ళ పేటలో టీకా వేస్తున్నారు. కారులో కూర్చున్న పెద్దవాళ్ళకే వేస్తారట. డెబ్బై దాటిన ఆ మనిషి చేతికర్ర పట్టుకుని రెండు కార్ల మధ్య నిలబడింది.

"నడిచొచ్చినోళ్ళకి లేదు. పక్కకి జరుగు," అన్నాడు కాపలా ఉన్న పోలీసు.

ఆమె జరిగింది. నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

నెల తిరక్కుండా ఆమెకు దగ్గు మొదలైంది. మా ఆసుపత్రిలో మంచం లేదన్నారు. పెద్ద ఊరికి తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

చేపల కంపెనీలో కత్తి పట్టే మా నల్ల ఆడవాళ్ళ పిల్లలంతా ఆమె వంటింట్లోనే పెరిగారు. పొద్దున్నే అక్కడ దింపి మేం షిఫ్టుకు పరిగెత్తేవాళ్ళం. ఆమె పోయాక పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియలేదు. మాతో పనిచేసే బెర్నీస్ తన పసివాణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతే ఫోర్‌మన్ ఆమె పేరు కొట్టేశాడు. ఆ తర్వాత ఏ ఇంట్లో ముసలివాళ్ళు మంచం పట్టినా చేపలు కోసే లైను మీద ఒక కత్తి తగ్గేది. మిగిలినవాళ్ళం ఆ పని కూడా లాగేవాళ్ళం. ఎవరు దగ్గినా అందరి గుండెల్లో రాయి పడేది. మా అమ్మ తుమ్మితే నాకు రాత్రంతా నిద్ర ఉండేది కాదు.

మా ముసలివాళ్ళకు టీకా ఎలా వేయించాలా అని చర్చిలో సమావేశం పెట్టాం. ఒకరి ఊపిరికి ఒకరం భయపడుతూ దూరందూరంగా కూర్చున్నాం. చర్చి పెద్ద డీకన్ ఓథా ముందే అడ్డం పడ్డాడు. సర్కారు డాక్టర్లు వైద్యం పేరు చెప్పి మన నల్లవాళ్ళ ఒంటి మీద ఏమేం ప్రయోగాలు చేశారో మరిచిపోయారా అని అడిగాడు. ఎవరూ మరిచిపోలేదు. సూదంటే భయం, రోగమంటే భయం, పోలీసులంటే ఇంకా భయం.

అప్పుడు మా లైనులో అందరికంటే చిన్నదైన లూరీన్ లేచింది.

"మిస్ ఓడెస్సా పోతే కంపెనీకి ఏం పోయిందని ఫోర్‌మన్ నన్నడిగాడు. ఆమె మన పిల్లలకి అన్నం పెడితేనే కదా, వాళ్ళ చేపలు కోయగలిగాం? మన ముసలోళ్ళు చస్తే ఈ ఊరి పనే ఆగిపోద్ది. అది వాళ్ళకి చూపిద్దాం. డీకన్ గారూ, మీకు భయమైతే నాకూ భయమే. భయంతోనే పోదాం."



మర్నాడు షిఫ్టుకు పోకుండా, రబ్బరు ఏప్రాన్లతోనే మా పెద్దవాళ్ళను నడిపించుకుంటూ రహదారి దాటాం. కార్ల మధ్య వరుసగా నిలబడ్డాం. వెనక హారన్లు మోగాయి. పోలీసుల పెద్ద షెరీఫ్ వచ్చి నాయకులెవరని అడిగాడు. అందరూ నేల చూపులు చూస్తుంటే లూరీన్ ఒక అడుగు ముందుకేసింది. బేడీలు వేసి జీపెక్కించారు. మమ్మల్ని తరిమేశారు. ఆ రోజు ఒక్కరికీ టీకా పడలేదు.

ఆ తర్వాత ఎవరమూ పనిలోకి పోలేదు. ఉద్యోగం ఊడుతుందని ఇళ్ళల్లో ఏడ్చుకున్నాం, కానీ పోలేదు. తొట్లలో చేపలు కుళ్ళి వాసన ఊరంతా కమ్మింది. ఇన్నాళ్ళూ మా చావులు వినపడని యజమాని ముక్కుకు ఆ వాసన తగిలింది. ఎవరెవరికి ఫోన్లు చేశాడో గానీ, వారం గడిచేసరికి ఇద్దరు నర్సులు మందు పెట్టెతో మా చర్చికే వచ్చారు.

డీకన్ ఓథా అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన వెనక మా అమ్మ, ఆమె వెనక మిగతా ముసలివాళ్ళు.

లూరీన్ ఇంకా జైల్లోనే ఉంది. కంపెనీ పిలిచినా మేం పనిలోకి పోలేదు. సూది పడిన భుజాలు రుద్దుకుంటూ ముసలివాళ్ళంతా జైలుకు నడిచారు. మేమూ వెంట నడిచాం. గడ్డకట్టే చలిలో ఆ రాతి మెట్ల మీద కూర్చున్నారు. షెరీఫ్ తలుపు తీసి, ఇక్కడే కూర్చుంటే చచ్చిపోతారని, ఇళ్ళకు పొమ్మని అన్నాడు.

డీకన్ మెట్టు మీంచి లేవకుండానే తలెత్తాడు.

"ఆ పిల్లని పంపు నాయనా. మేం ఈ చలికాలం చావకుండా మందేయించుకునే వచ్చాం."