తెల్ల జెర్సీల మూట

ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు తెల్ల జెర్సీలు ఎంచిన మహానుభావుడెవరో గాని, బళ్లారిలో గనులు ఇంత జోరందుకుంటాయని కలలో కూడా అనుకొని ఉండడు. కాలేజీ మైదానం కంటోన్మెంటు పక్కన ఉంది. ప్రహరీ అవతల ఇనుప ఖనిజం లారీలు పగలనక రాత్రనక ఎర్రదుమ్ము లేపుతూ వరస కట్టి పోతుంటాయి. ఆట మొదలైన పావుగంటకే కుర్రాళ్లంతా ఇటుకబట్టీలోంచి లేచొచ్చినట్టు తయారవుతారు. ఆ ఎరుపు ఒక పట్టాన సబ్బుకు లొంగదు. అందుకే ఆ జట్టులో జెర్సీల మూట ఎత్తడమంటే శిక్ష.

ఈ మూట ఆచారం పెట్టింది పీటీ మాస్టరు సుందరమే. మూడేళ్ల కిందట ఏదో మ్యాచ్ ఓడి కుర్రాళ్లు మొహాలు వేలాడేసుకుంటే, నవ్వించడానికని, "ఈపొద్దు మ్యాచ్ ఎవుడు పోగొట్టినాడో వాడే అందరి జెర్సీలూ ఉతుక్కోని రావల్ల" అన్నాడు. ఆ రోజు మూట ఎత్తినవాడు నవ్వుతూనే ఎత్తాడు. తర్వాత అది ఓడినప్పుడల్లా ఒక్కో ఇంటికి తిరిగింది. ఈ ఏడాది మాత్రం ఒక్క ఇల్లే మరిగింది. ఆరు మ్యాచ్‌లు ఓడారు, ఆరుసార్లూ గోల్‌కీపర్ కొట్రేశే ఎత్తుకున్నాడు. బంతి వలలో పడేది అతని పక్కనుంచే కదా! చూసేవాళ్లకు అదొక్కటే కనిపిస్తుంది.

సుందరానికి అంతకంటే ఎక్కువే కనిపించేది. వెనక వరసలో ఆడే విజయ్ కుమార్, అతని జతగాళ్లు రాత్రంతా ఖనిజం యార్డులో లారీల నంబర్లు రాసి, మైదానంలో నిలబడే కునికేవారు. నడిమి వరసవాళ్లకు కొత్త బైకులొచ్చాయి, వాటి వెనకే పంతాలొచ్చాయి. ఒకడి కాలి దగ్గర బంతి ఇంకొకడికి అందేది కాదు. ముందు ఆడే జాబెజ్ బంతి పోగొట్టుకున్న చోటే నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడేవాడు, వెనక్కి పరుగెత్తడం ఎవరి పనో అన్నట్టు.

ఇక సుందరం సంగతి. ఊళ్లో పాలుపోసేవాడు కూడా లారీ కొంటుంటే తానెందుకు ఊరుకోవాలని, బావమరిదితో కలిసి ఒక టిప్పర్ కొన్నాడు. వారంలో మూడు రోజులు ప్రాక్టీసు ఎగ్గొట్టి దోణిమలై గనుల దారిలో దాని వెంట తిరిగేవాడు. రిజిస్టరులో మాత్రం ప్రాక్టీసు జరిగినట్టే రాసేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా సరిగా చెప్పుకోలేదు.

ఆరో ఓటమి తర్వాత కొట్రేశ్ సుందరం గది ముందుకొచ్చి నిలబడ్డాడు. సత్యనారాయణపేట వెనక ఒక్క గది ఇంట్లో తల్లి నాగక్కతో ఉంటాడు. ఆమె కూలికి పోతుంది. ఆటగాళ్లకిచ్చే ఉచిత సీటు మీద చదువుతున్నాడు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కింది అతనొక్కడే.

"సార్, నేను చాలిస్తా. నా వల్లే జట్టు చెడతాండాది. లారీలకు క్లీనర్లు కావల్లంటాండారు, పోతా."

సుందరం కుర్చీలోంచి లేచాడు. జట్టు వదిలితే సీటు పోతుంది, సీటు పోతే చదువు పోతుంది. లారీ ఎక్కిన కుర్రాడు మళ్లీ క్లాసుకు రావడం ఈ నాలుగేళ్లలో అతను చూడలేదు.

"సుమ్నే ఉండప్పా, అట్ల మాట్లాడొద్దు," అన్నాడు. "వచ్చే శనివారం మ్యాచ్ దాకా ఆగు. గెలిచినా ఓడినా ఈ తూరి మూట నీ మీద పడకుండా చూసే పూచీ నాది."

"ఆయ్తు సార్, ఆగుతా," అన్నాడు కొట్రేశ్. పెద్దవాళ్ల మాట నమ్మడం ఆ పిల్లవాడికున్న ఒకే ఒక చెడ్డ అలవాటు.

మాటైతే ఇచ్చాడు గాని ఎలా నిలబెట్టుకోవాలో సుందరానికి తెలియలేదు. ఆదివారం చర్చిలో దారి దొరికింది. పాపాలు ఒప్పుకునే ప్రార్థనకు సంఘమంతా లేచి నిలబడింది. తాతలనాటి నుంచీ అవే మాటలు. పక్కన భార్య యూనీస్, ముందు బెంచీలో రిటైరైన రైల్వే గార్డు, వెనక జడలేసుకున్న పిల్లలు, అందరూ ఒకే గొంతుతో చదివారు. కూర్చునేటప్పుడు అందరి మొహాలూ తేలికపడ్డాయి. తప్పంతా ఒకడి నెత్తిన ఎందుకు రుద్దాలి, అందరూ కలిసి ఒప్పుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు సుందరం. ఆ ప్రార్థన చదివిన రైల్వే గార్డు ఇరవై ఏళ్లుగా సొంత తమ్ముడితో మాట్లాడడని అతనికి తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

సోమవారం మైదానంలో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, తాను రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. వెనక వరసవాళ్లు లేచి, నిద్రమత్తులో ఎదుటివాణ్ణి వదిలేశామని చదివారు. పంతాలకు పోయి బంతి ఇవ్వలేదని నడిమి వరస చదివింది. వెనక్కి పరుగెత్తలేదని జాబెజ్ చదివాడు. ముందుగా అరిచి హెచ్చరించలేదని కొట్రేశ్ చదివాడు. చివర అందరూ కలిసి, "ఇది మా అందరి తప్పు" అని గొంతెత్తారు. కుర్రాళ్లకు హాయిగా అనిపించింది. జాబెజ్ కొట్రేశ్ వీపు చరిచి టీకి రమ్మన్నాడు.

కొట్రేశ్ లేవబోతూ కాగితం తిప్పి రెండో వైపు చూశాడు. అక్కడేమీ లేదు, మాస్టరు చదవాల్సిన ముక్క ఏ వైపూ లేదు. సుందరం అది గమనించి, రోడ్డు మీద లారీల వైపు తల తిప్పుకున్నాడు.

శనివారం నిజంగానే బాగా ఆడారు. జాబెజ్ ఒక గోలు కొట్టాడు. కొట్రేశ్ ఒక పెనాల్టీని పక్కకు దూకి ఆపాడు. ఇంకో పది నిమిషాలకు ఆట అయిపోతుందనగా చెరొక గోలుతో సమానంగా ఉన్నారు. అప్పుడు సుందరం ఫోను మోగింది. టిప్పర్ డ్రైవరు మారెన్న.

"సార్, క్లీనరు పారిపోయినాడు. లోడు నిలిచిపోయి ఉండాది. ఏం చేయమంటారు?"

లారీల హోరులో వినబడక సుందరం రెండో చెవి మూసుకొని గోడవైపు తిరిగాడు. "యావడో ఒకన్ని పెట్టుకో పోప్పా. దానికి కూడా నన్నడగల్లా?" అని కసిరాడు.

ఆ సమయంలోనే విజయ్ కుమార్‌కు పిక్క పట్టేసింది. తన బదులు ఇంకొకర్ని దింపమని సుందరం వైపు చెయ్యెత్తాడు, మళ్లీ ఎత్తాడు. మాస్టరు వీపు తప్ప ఏమీ కనపడలేదు. నడిమివాడు బంతి పోగొట్టాడు, జాబెజ్ ఉన్నచోటే నిలబడిపోయాడు, విజయ్ కుమార్ కుంటుతుండగా ఎదుటివాడు అతన్ని దాటి కొట్టాడు. కొట్రేశ్ చేతికి బంతి తగిలి మరీ వలలో పడింది. సుందరం ఇటు తిరిగేసరికి అవతలి జట్టు గంతులేస్తోంది.

ఆట ముగిశాక ఎవరూ కొట్రేశ్‌ను ఒక్క మాట అనలేదు. "అందరి తప్పే లేప్పా," అన్నాడు జాబెజ్, మనస్ఫూర్తిగానే. అందరూ జెర్సీలు విప్పి సంచిలో వేశారు. సంచి ఎప్పటిలాగే గోలుపోస్టు పక్కనే ఉంది. ఎత్తమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎత్తనూ లేదు. ఒప్పుకోవడం అయిపోయింది కదా, చేతులు దులుపుకొని బైకులెక్కారు.

సుందరం మూట ఎత్తుదామనే నాలుగడుగులు వేశాడు. నిజంగానే వేశాడు. మళ్లీ ఫోను మోగింది. మాట్లాడి తలెత్తేసరికి కొట్రేశ్ మూట నెత్తిన పెట్టుకొని గేటు దాటుతున్నాడు. కేకేస్తే వినిపించే దూరమే. రేపు మాట్లాడదాంలే అనుకున్నాడు సుందరం.

సోమవారం మూట తెచ్చింది కొట్రేశ్ కాదు, నాగక్క. జెర్సీలు ఎప్పుడూ లేనంత తెల్లగా ఉన్నాయి. ఆమె అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"కీపరు జెర్సీ కూడా దాంట్లోనే ఉండాది సార్. ఇంక వానికి అక్కర్లేదు గదా."

"కొట్రేశ్ యాడ?"

"నిన్న లారీ ఎక్కినాడు. మీ లారీనే గదా సార్. స్టాండులో మారెన్న చెప్పినాడంట, ఓనరు సుందరం సారేనని. యావడో పరాయోని దగ్గర కాదు గదాని నాకు శానా ధైర్యమాయె." ఆమె కొంగు చేతులకు చుట్టుకుంది. "వాడు పోతాపోతా ఏమన్నాడో తెలుసునా? సారు లారీమ్మా, కండ్లు మూయకుండా చూసుకోవల్ల, ఈడన్నా నా వల్ల సారుకు మాట రాకూడదు అన్నాడు."

ఇంత సిగ్గు సుందరం తన బతుకులో ఎరగడు.

"నాగక్కా, నీ కొడుకు తప్పేమీ లేదు. తప్పు నాది. మొదట్నుంచీ నాదే."

ఆమె నవ్వింది. "పెద్దోళ్లు అట్లనే అంటారు సార్. వాడు చెప్పినాడు లే, తప్పు అందరిదీ అని కాగితం సదివినారంట గదా." దణ్ణం పెట్టి, కూలికి పొద్దుపోతోందని వెళ్లిపోయింది.

సుందరం మారెన్నకు ఫోను కొట్టాడు. కొట్రేశ్‌ను అక్కడే దించెయ్యి, బస్సెక్కించి పంపెయ్యి, వాడు కాలేజీకి రావాలి అన్నాడు. లారీ ఓడరేవు దారిలో చాలా దూరం పోయిందంట. అయినా సరే దించమన్నాడు. అవతల ఇంజను ఆగింది, ఏవో మాటలు వినిపించాయి. కాసేపటికి మారెన్న మళ్లీ పలికాడు.

"దిగనంటాండాడు సార్. ఏడుస్తాండాడు. నేను బాగనే చేస్తాండా గదా, ఈడ ఏం తప్పు చేసినానో సార్‌నే అడుగు అంటాండాడు. ఏం చెప్పమంటారు?"